హిమ్స్ ఆడబిడ్డల సిక్కా

మొన్న రమ్జాన్ ఈద్‌కు మా ఖాలా కొడుకు షార్జా నుంచి వచ్చాడు. షీర్‌ఖుర్మా తాగడం అయింది. దస్తర్‌ఖాన్ ఇంకా ఎత్తలేదు. జేబులోంచి చిన్న గుండ్రటి ప్లాస్టిక్ డబ్బీ తీసి అమ్మీ ముందు పెట్టాడు. లోపల ఒక వెండి నాణెం. మన రూపాయి బిళ్ల కంటే చిన్నది. మూడు గ్రాముల పైచిలుకు బరువుంటుందేమో. బొమ్మ వైపు ఒక ఆడమనిషి ముఖం, అలలు అలలుగా దువ్విన బరువైన జుట్టు. అమ్మీ కళ్లద్దాలు సర్దుకొని బొరుసు తిప్పింది. అక్కడ ఇంకో ఆడమనిషి. తల మీద ముసుగు, రెండు చేతులూ పైకెత్తి నిలబడి ఉంది.

“అరె, ఈమె దువా చేస్తోంది కదా బేటా! ఎవరీమె?”

“రోమ్ మలికా సిక్కా, ఖాలా. పద్దెనిమిది వందల ఏళ్ల కిందటిది.”

“రోమ్ ఆమె మనలాగ చేతులెత్తి దువా ఎట్ల చేస్తది?”

వాడు నా వైపు చూశాడు. నాణేలు కొనడం వాడి షౌఖ్, వాటి వెనక తారీఖ్ వెతకడం నా షౌఖ్. ఫోటో పంపుతాడు, నేను చదివి చెప్తాను. ఏడెనిమిదేళ్లుగా మా ఇద్దరి మధ్య వాట్సాప్‌లో నడుస్తున్న ముచ్చట ఇది.

అమ్మీకి రెండు విషయాలు చెప్పాను. ఒకటి, చేతులెత్తిన ఆమె మలికా కాదు. రోమన్లు ‘పియెతాస్’ అనే గుణానికి ఆడరూపం ఇచ్చారు. దేవుళ్ల పట్ల, పెద్దల పట్ల, ఇంటి పట్ల చూపాల్సిన భక్తీ విధేయతా కలిపితే ఆ మాట. చేతులెత్తి వేడుకోవడం ఆ కాలంలో అక్కడి ఇబాదత్ పద్ధతి. రెండోది, బొమ్మ వైపున్న మలికా రోమ్ ఆడపిల్లే కాదు. ఆమె షామ్ దేశపు పిల్ల. పుట్టిల్లు హిమ్స్.

హిమ్స్ అనగానే అమ్మీ చేతిలోని డబ్బీని కొంచెం జాగ్రత్తగా పట్టుకుంది. హజ్రత్ ఖాలిద్ బిన్ వలీద్ (రజి.) ఆరామ్ చేస్తున్న ఊరు కదా అది. పదేళ్ల కింద టీవీలో కూలిన ఇళ్ల మధ్య ఆ మస్జిద్ గుంబద్‌ను చూసి ఏడ్చిన మనిషి ఆమె.

ఆ మలికా పేరు జూలియా దోమ్నా. రోమన్లు హిమ్స్‌ను ‘ఎమెసా’ అనేవాళ్లు. ఖాలిద్ (రజి.) ఆ ఊరికి రావడానికి నాలుగు వందల ఏళ్లకు ముందు సంగతి ఇది. అందుకే ఒక మాట ముందే చెప్పేస్తాను. ఆమెను ‘మనామె’ అని లాక్కోవడం నా ఉద్దేశం కాదు. ఆమె తండ్రి జూలియస్ బాసియానస్ సూర్యుణ్ని కొలిచే గుడికి పెద్ద పూజారి. ఆ దేవుడి పేరు ఎలగబల్. కొండ దేవుడు అని అర్థం. ‘ఇలాహ్’, ‘జబల్’ అన్న రెండు మాటలూ మనకు కొత్త కాదు. ఆమె అక్క మైసా పేరు అరబీ నుంచే వచ్చిందని కొందరు పండితుల మాట. మన ఇళ్లల్లో ఇప్పటికీ ఆడపిల్లలకు మైసా అని పెడుతున్నాం. చుట్టరికం మాటల దాకానే. దీన్ వేరు, జమానా వేరు.

మా ఉర్దూ మీడియం బడిలో తారీఖ్ చెప్పిన ఉస్తాద్ ఒక మాట తరచూ అనేవారు: హుకూమత్ ఎవరిదో తెలియాలంటే రెండు చూడాలి, జుమా ఖుత్బాలో ఎవరి పేరు చదువుతున్నారు, సిక్కా మీద ఎవరి పేరు కొడుతున్నారు. ఖుత్బా గాలిలో కలిసిపోతుంది. సిక్కా మట్టిలో మిగిలి ఉంటుంది. రోమన్ల విషయంలో ఈ సూత్రం సగమే పని చేస్తుంది. అక్కడ ఆడవాళ్ల ముఖం సిక్కా మీదకు వచ్చింది, పేరు వచ్చింది, ‘అగస్తా’ అనే ఖితాబ్ వచ్చింది. కానీ తఖ్త్ మీద కూర్చునే హక్కు రాలేదు. సెనేట్‌లో సీటు లేదు, ఫౌజ్ మీద పేరుకు హుకుం లేదు. ముఖం ఉంది, పదవి లేదు. ఆ రెంటికీ నడుమ ఎంత జాగా ఉంది, ఎవరు ఎంత దూరం జరగగలిగారు అన్నది చదవడమే ఈ నాణేలు సేకరించడంలోని అసలు మజా.

దీనికి అగ్రిప్పినా నాణేల కంటే మంచి మిసాల్ నాకు తెలియదు. నీరో తల్లి ఆమె. క్రీ.శ. 54లో పదహారేళ్ల కొడుకును తఖ్త్ ఎక్కించింది. ఆ ఏడాది కొట్టిన బంగారు, వెండి నాణేల మీద తల్లీ కొడుకులు ఎదురెదురుగా ఒకరి ముఖం ఒకరు చూసుకుంటూ ఉంటారు. వాళ్ల చుట్టూ ఉన్న అక్షరాలు ఆమెవి: అగ్రిప్పినా అగస్తా, క్లాడియస్ భార్య, నీరో తల్లి. చక్రవర్తి పేరు బొరుసు వైపుకు పోయింది! మరుసటి ఏడు, 55లో, అచ్చు మారింది. ఇద్దరూ ఒకే వైపు చూస్తున్నారు. కొడుకు ముందు, తల్లి వెనక, ఆమె ముఖం అంచు మాత్రం కనిపిస్తుంది. ఈసారి బొమ్మ వైపు అక్షరాలు నీరోవి, బొరుసు వైపు ఆమెవి. ఆ తర్వాత రోమ్ టంకసాల నాణేల మీద ఆమె లేదు. 59లో కొడుకే చంపించాడు. ఈ మూడు మెట్లూ ఏ చరిత్రకారుడి పుస్తకం తెరవకుండానే నాణేల మీద చూడొచ్చు. ఇంట్లో కొడుకు పెళ్లయ్యాక అమ్మ ఫోటో హాల్లోంచి లోపలి గదికి, అక్కడి నుంచి అటక మీదకు పోయిన ఇళ్లు మనకూ తెలుసు కదా.

దోమ్నా దగ్గరకు వస్తాను. ఆమె భర్త సెప్టిమియస్ సెవెరస్ కూడా రోమ్ వాడు కాదు. ఇప్పటి లిబియాలోని లెప్టిస్ మాగ్నాలో పుట్టాడు. మొదటి భార్య చనిపోయాక, షామ్‌లో ఒక అమ్మాయి జాతకంలో బాద్షా భార్య అవుతుందని రాసి ఉందట అని విని ఆమెను అడిగి చేసుకున్నాడని ఒక పాత కథ ఉంది. కథను నమ్మాల్సిన పని లేదు. 193లో సెవెరస్ చక్రవర్తి అయ్యాడు. అదే ఏడు ఆమె ముఖం నాణెం మీదకు వచ్చింది.

ఇక్కడ షౌఖీన్లకు పనికొచ్చే ఒక చిట్కా. దోమ్నా నాణేల మీద తారీఖు ఉండదు. పేరు రాసిన తీరును బట్టే కాలం తెలుస్తుంది. మా భాయ్ మొదట్లో అక్షరాలు ఒక్కొక్కటిగా చదివి ‘ఐవీఎల్ఐఏ’ అంటే ఏంటని అడిగాడు. లాటిన్‌లో ‘యు’ లేదు, దాని చోట ‘వి’ రాస్తారు, అది ‘జూలియా’ అని చెప్పాను. ‘జూలియా దోమ్నా అగస్తా’ అని పూర్తి పేరు ఉంటే 193 నుంచి 196 దాకా కొట్టింది. సొంత పేరు దోమ్నా పోయి వట్టి ‘జూలియా అగస్తా’ అని ఉంటే 196 నుంచి 211 దాకా. ‘జూలియా పియా ఫెలిక్స్ అగస్తా’ అంటే, భక్తురాలు, భాగ్యశాలి అన్న రెండు ఖితాబ్‌లు చేరితే, 211 నుంచి 217 దాకా. అమ్మీ చేతిలో ఉన్నది నడిమి రకం.

ఈ నడిమి పదిహేనేళ్లలోనే ఆమె మీద అన్నిటికంటే పెద్ద దాడి జరిగింది. భర్త బాల్య మిత్రుడు, ఫౌజ్ పెద్ద ప్లాటియానస్, ఆమెను ఓర్వలేకపోయాడు. ఆమె నడవడి మీద తహకీకాత్ పెట్టించాడు, ఆమె చుట్టూ ఉన్న కులీన స్త్రీలను హింసించి సాక్ష్యాలు లాగాలని చూశాడు. ఆ కాలంలోనే బతికిన కాసియస్ డియో ఇది రాశాడు. దోమ్నా అప్పుడు పుస్తకాల్లోకి, ఫిలాసఫీలోకి వెళ్లిపోయింది. చదువుకున్నవాళ్లను చుట్టూ కూర్చోబెట్టుకుంది. గ్రీకు రచయిత ఫిలోస్ట్రాటస్ ఆ మజ్లిస్ వాడే. ఇదంతా నడుస్తున్నప్పుడు నాణేలు ఏం చెప్తున్నాయి? ‘హిలారితాస్’, అంటే ఖుషీ. ‘ఫెలిసితాస్’, అంటే బర్కత్. చేతులెత్తి నిలబడ్డ పియెతాస్. బయట అంతా ఖైరియత్. ఇంటి గుట్టు సిక్కా ఎక్కదు.

ప్లాటియానస్ తన బిడ్డ ప్లాటిల్లాను దోమ్నా పెద్ద కొడుకు కారకల్లాకు ఇచ్చి 202లో పెళ్లి చేశాడు. ఆ పిల్ల నాణేలు చూస్తే నాకు ఇప్పటికీ గుండె కలుక్కుమంటుంది. కొత్త దంపతులు చేతిలో చేయి వేసుకొని నిలబడి ఉంటారు. చుట్టూ ‘శాశ్వతమైన సఖ్యత’ అని రాసి ఉంటుంది. కారకల్లా ఆమెతో కలిసి అన్నం తినడానికి కూడా ఒప్పుకోలేదని ఆనాటి రాతలు చెప్తున్నాయి. 205లో తండ్రిని చంపారు, పిల్లను ద్వీపానికి పంపించారు, కొన్నేళ్లకు ఆమెనూ చంపారు. సఖ్యత నాణేలు మాత్రం ఇప్పటికీ వేలంపాటల్లో తిరుగుతున్నాయి.

211లో సెవెరస్ ఇప్పటి ఇంగ్లండ్‌లోని యార్క్‌లో చనిపోయాడు. ఇద్దరు కొడుకులూ జంట చక్రవర్తులు. ఒకరికొకరు పడదు. అదే ఏడు డిసెంబరులో సులహ్ చేసుకుందాం, తమ్ముణ్ని పిలువమ్మా అని కారకల్లా తల్లిని అడిగాడు. ఆమె నమ్మి పిలిచింది. గదిలోకి సైనికులు జొరబడ్డారు. గెటా పరుగెత్తి తల్లి మెడకు చుట్టుకున్నాడు. ఆమె ఒడిలోనే పొడిచారు. ఆమె చేతికీ గాయమైంది, నెత్తురుతో తడిసిపోయింది. ఆ బిడ్డ కోసం ఏడవడానికి కూడా ఆమెకు ఇజాజత్ లేకపోయింది. ఏడిస్తే పెద్ద కొడుకుకు కోపం. డియో రాసిన ఈ ఘట్టం చదివి చాలా రోజులు నేను దోమ్నా నాణెం ఫోటోలు చూడలేకపోయాను.

మరి ‘పియా ఫెలిక్స్’ అని, భాగ్యశాలి అని నాణెం మీద కొట్టింది ఎప్పుడు? 211లోనే.

గెటా పేరును దేశమంతటా రాళ్ల మీద చెక్కేశారు. రోమ్‌లో వెండి సర్రాఫులు, పశువుల వ్యాపారులు కలిసి 204లో కట్టించిన కమాన్ ఒకటి ఇప్పటికీ ఉంది. అందులో సెవెరస్ ఉన్నాడు, దోమ్నా ఉంది, ఆమె పక్కన కొడుకు ఉండాల్సిన చోట బోసి రాయి ఉంది. ఆసియా మైనర్‌లో కొన్ని ఊళ్ల రాగి నాణేల మీద అన్నదమ్ముల బొమ్మల్లో గెటా ముఖాన్ని గీకేశారు. షౌఖీన్లు ఆ గీకిన నాణేలను వెతికి మరీ కొంటారు.

కారకల్లా యుద్ధాల్లో తిరుగుతుంటే లాటిన్, గ్రీకు ఖతో-కితాబత్, దరఖాస్తులు అన్నీ దోమ్నానే చూసింది. 212లో సామ్రాజ్యంలోని స్వేచ్ఛాజనం దాదాపు అందరికీ రోమన్ పౌరసత్వం ఇచ్చిన హుకుం కొడుకు పేరు మీదే వచ్చింది. ఆ దఫ్తర్‌లో ఆమె చేయి ఎంతో ఎవరు చెప్పగలరు? 217లో హర్రాన్ దగ్గర కారకల్లాను చంపారు. ఆమె అంతాకియాలో ఉంది. అప్పటికే రొమ్ములో పుండు. అన్నం మానేసి ప్రాణం వదిలింది.

ఈ కాలపు నాణేల్లో ఒక చిన్న విశేషం చెప్పకుండా ఉండలేను. 215లో కారకల్లా కొత్త రకం వెండి నాణెం తెచ్చాడు. దాని మీద చక్రవర్తి తలకు సూర్యకిరణాల కిరీటం ఉంటుంది. మలికా అయితే ఆమె భుజాల కింద నెలవంక. సూర్యుడు మగవాడు, చంద్రుడు ఆడమనిషి అన్న లెక్క. మా భాయ్ మొదటిసారి ఆ నెలవంక చూసి “భాయ్‌జాన్, హిలాల్ ఉంది, ఇస్లామీ నాణెమా?” అని ఫోన్ చేశాడు. నవ్వొచ్చింది. కానీ చంద్రవంక మన మస్జిద్‌ల మీదకు రావడానికి చాలా ముందే ఎంతమంది వాడుకున్నారో వాడికి ఆ రోజు తెలిసింది.

దోమ్నాతో కథ అయిపోలేదు. అక్క మైసాను కొత్త చక్రవర్తి మాక్రినస్ హిమ్స్‌కు వెళ్లిపొమ్మన్నాడు. డబ్బు మాత్రం ఆమెతోనే పోనిచ్చాడు. ఆ గలతీ అతనికి తఖ్త్ ఖరీదైంది. ఆమెకు ఇద్దరు బిడ్డలు, సొయేమియాస్, మమేయా. ఇద్దరికీ చెరొక కొడుకు. పద్నాలుగేళ్ల పెద్ద మనవణ్ని రాత్రికి రాత్రి ఫౌజ్ శిబిరానికి చేర్చి, వీడు కారకల్లా కొడుకే అని చెప్పించి, 218 మేలో చక్రవర్తిగా ఎలాన్ చేయించారు. జూన్‌లో అంతాకియా దగ్గర యుద్ధం. సైనికులు వెనక్కి పారిపోతుంటే మైసా, సొయేమియాస్ రథాల మీది నుంచి దూకి, ఏడ్చి, బతిమాలి వాళ్లను ఆపారని డియో రాశాడు. గెలిచారు.

ఇక రోమ్ టంకసాల మైసాకు ఏ బొమ్మ ఇచ్చిందో చూడండి. కుర్చీలో ఒద్దికగా కూర్చొని ముసుగు ముందుకు లాక్కుంటున్న స్త్రీ. పక్కన ‘పుదిసితియా’ అని అక్షరాలు. హయా, సిగ్గు, శీలం. యుద్ధభూమిలో రథం మీది నుంచి దూకిన ముసలామెకు ఆ సర్టిఫికెట్! మగ చరిత్రకారులు అదే సమయంలో ఈ ఆడవాళ్లను కుట్రదార్లు, పరదేశీలు, కొడుకులను చెడగొట్టినవాళ్లు అని రాసుకుంటూ పోయారు. నాణెం ఒక అబద్ధం చెప్పింది, పుస్తకం ఇంకో అబద్ధం చెప్పింది. నన్నడిగితే రెండింటినీ పక్కపక్కన పెట్టుకున్నవాడికే ఆ మనుషులు కాస్త కనిపిస్తారు.

ఆ మనవణ్ని చరిత్ర ఎలగబలస్ అని పిలుస్తుంది. హిమ్స్ గుడిలోని నల్లరాయిని రోమ్‌కు తెచ్చి అన్ని దేవుళ్ల పైన పెట్టాడు. రాయి నాలుగు గుర్రాల బండి మీద ఊరేగే నాణెం కూడా ఉంది. జనం తిరగబడతారని మైసాకు అర్థమైంది. రెండో మనవడు అలెగ్జాండర్‌ను ముందుకు తెచ్చింది. 222 మార్చిలో సైనికులు ఎలగబలస్‌ను, అతణ్ని వదలని తల్లి సొయేమియాస్‌ను కలిపి చంపి వీధుల్లో ఈడ్చారు. సొంత బిడ్డను, మనవణ్ని లెక్కలోంచి తీసేసి రెండో బిడ్డ వంశాన్ని నిలబెట్టిన ఆ నానీమా రాత్రిళ్లు ఎలా నిద్రపోయిందో. ఆమె పోయాక ‘దివ్య మైసా’ అని కూడా నాణేలు కొట్టారు. మమేయా పదమూడేళ్లు కొడుకు పక్కనే ఉండి హుకూమత్ నడిపింది. 235లో ఇప్పటి జర్మనీలోని మైంజ్ దగ్గర తల్లీ కొడుకులను కలిపే చంపారు. హిమ్స్ ఇంటి కథ అక్కడితో ఖతం.

దోమ్నా, మమేయా నాణేలు ఇప్పటికీ విరివిగా దొరుకుతాయి. సెవెరస్ సైనికుల జీతాలు పెంచడం కోసం దినారీలో వెండిని దాదాపు సగానికి తగ్గించి, గుట్టలు గుట్టలుగా కొట్టించాడు. 1929లో బల్గేరియాలోని రెకా దెవ్నియాలో దొరికిన ఒక్క దఫీనాలోనే 80,000కు పైగా వెండి నాణేలు లెక్కకు వచ్చాయి. అందుకే షార్జాలో అకౌంటెంట్‌గా పని చేసే మా భాయ్‌లాంటి వాడు కూడా నెల జీతంలో కొంత దాచి ఒకటి కొనగలడు. సొయేమియాస్ నాణెం అంత సులువుగా దొరకదు. నాలుగేళ్లే కదా ఆమెది. ఇక తద్మూర్ రాణి జెనోబియాది అయితే కలలోనే. 272లో రోమ్‌కు ఎదురు నిలిచి అగస్తా అని తన పేరు మీద అంతాకియాలో, ఇస్కందరియాలో కొట్టించింది. కొన్ని నెలలే. అరబీ కథల్లో ‘జబ్బా’ మలికా అని తబరీ రాసింది ఈమె నీడలోంచి పుట్టిన పాత్రేనని అంటారు. ఆమె కొడుకు పేరు వహబల్లాత్. అల్లాత్ ఇచ్చినవాడు అని. జాహిలియత్ కాలపు పేరు, విన్న చెవికి ఎక్కడో తగులుతుంది.

“అయితే ఇవన్నీ అక్కడి సంగతులే. మన దిక్కు ఏమీ రాలేదా?” అని అమ్మీ అడిగింది. రావడమేంటి, హిమ్స్ ఆడబిడ్డలకు ముందే వచ్చాయి. నల్లగొండ జిల్లా అక్కెనపల్లిలో ఒక్కచోటే 1,500కు పైగా రోమన్ వెండి దినారీలు దొరికాయి. మన దేశంలో ఎక్కువగా దొరికే రోమన్ వెండి నాణేల్లో తిబేరియస్ చక్రవర్తి రకం ఒకటి. దాని బొరుసు మీద ఒక స్త్రీ కుర్చీలో కూర్చొని ఉంటుంది, చేతిలో కొమ్మ. పేరు రాయలేదు. తిబేరియస్ తల్లి లివియా అని చాలామంది అంటారు. హజ్రత్ ఈసా అలైహిస్సలాం కాలపు నాణెం అది. క్రైస్తవుల ఇంజీల్‌లో పన్ను కట్టాలా వద్దా అన్న ముచ్చటలో చూపించిన దినార్ ఈ రకమేనని నాణేల షౌఖీన్ల నమ్మకం. మిరియాలకు, బట్టకు బదులుగా సముద్రం దాటి వచ్చిన ఆ పేరులేని తల్లి మన ఎర్రమట్టిలో పడుకుంది. నాగార్జునకొండ తవ్వకాల్లో దొరికిన రోమన్ బంగారు నాణేల్లో ఒకటి ఆంటొనినస్ పయస్ భార్య పెద్ద ఫౌస్తీనాది. ఆమె 140లో చనిపోతే భర్త ఆమె పేరు మీద పేద ఆడపిల్లల కోసం ఇమ్‌దాద్ పెట్టాడు, తను బతికున్న ఇరవై ఏళ్లూ ఆమె ముఖంతో నాణేలు కొట్టిస్తూనే ఉన్నాడు. మన దేశంలో దొరికిన రోమన్ బంగారు నాణేల్లో కొన్నింటికి రంధ్రాలు, కొక్కేలు ఉన్నాయి. మెడలో వేసుకున్నారన్న మాట. కాసులపేరు, అష్రఫీల హారం మన నానీమాలతో మొదలైన సింగారం కాదు.

మన మాటల్లోనూ అవి ఉన్నాయి. ‘దినార్’ లాటిన్ ‘దెనారియస్’ నుంచి గ్రీకు మీదుగా అరబీకి వచ్చింది. సూరె ఆలె ఇమ్రాన్‌లో దినార్ ఉంది, సూరె యూసుఫ్‌లో దిర్హమ్ ఉంది. మదీనాలో తొలి ముస్లింలు వాడినవి రోమీ, ఈరానీ నాణేలే. వాటి మీద బొమ్మలుండేవి. 77 హిజ్రీలో ఖలీఫా అబ్దుల్ మలిక్ బొమ్మలు తీసేసి అక్షరాలతోనే దినార్ కొట్టించాడు. తస్వీర్ పోయాక ఆడవాళ్లు సిక్కా ఎక్కే దారి పేరు ఒక్కటే మిగిలింది. ఎక్కారు కూడా. 1250లో మిస్ర్‌లో షజరతుద్దుర్ దాదాపు ఎనభై రోజులు హుకూమత్ చేసింది. సిక్కా మీద ఆమె ‘మలికతుల్ ముస్లిమీన్’. అంతటితో సరిపోలేదు, ‘ఖలీల్ తల్లి’ అని కూడా కొట్టాల్సి వచ్చింది. ఆ ఖలీల్ చిన్నతనంలోనే చనిపోయిన బిడ్డ! మన దేశంలో రజియా పేరు, ఆ తర్వాత జహాంగీర్ చివరి ఏళ్లలో నూర్ జహాన్ పేరు నాణేల మీదకు వచ్చాయి. ‘నీరో తల్లి’ నుంచి ‘ఖలీల్ తల్లి’ దాకా పన్నెండు వందల ఏళ్లు. ఆ వరస మాత్రం మారలేదు.

ఈద్ అయిపోయింది, భాయ్ వెళ్లిపోయాడు. మూడు వారాలకు ఒక ఫోటో పంపాడు. కాగితం మీద ఏడు నాణేలు, మట్టి అంటుకొని. అమ్మేవాడు ‘హిమ్స్ దగ్గరి పొలంలోవి, తాజా సరుకు’ అన్నాడట. ధర కూడా తక్కువ. “ఖాలాకు ఒకటి ఇద్దామనుకుంటున్నా భాయ్‌జాన్, చూసి చెప్పు.”

దోమ్నా నాణెం వాడు కొన్నప్పుడు దాంతో పాటు పాత కాగితపు చీటీ వచ్చింది, ఏ సేకరణలోంచి వచ్చిందో రాసి. వీటికి మట్టి తప్ప ఏ చీటీ లేదు. 2011 తర్వాత షామ్‌లో ఏం జరిగిందో జర్నలిస్టుగా రోజూ చదివినవాణ్ని. అఫామియా పాత నగరం మీద ఉపగ్రహం తీసిన ఫోటోల్లో నేలంతా గుంతలే, జల్లెడలాగ. దొంగ తవ్వకాలు. 2015లో భద్రతా మండలి 2199 నంబరు తీర్మానంతో షామ్ నుంచి అలా తరలించిన వారసత్వ వస్తువుల వ్యాపారాన్ని ఆపమంది. అదే ఏడు ఆగస్టులో తద్మూర్‌లో నలభై ఏళ్లు పురావస్తువులను కాపాడిన ఖాలిద్ అల్ అసద్‌ను ఎనభై దాటిన వయసులో చంపేశారు. వాళ్ల నోట దీన్ పేరే.

ఫోన్ చేసి చెప్పాను. వాడు ఊరుకోలేదు. “మనం కొనకపోతే ఇంకొకడు కొంటాడు. మన ఇంట్లో ఉంటే కనీసం ఇజ్జత్‌గా ఉంటాయి కదా. హిమ్స్ వాళ్లు వాటిని అమ్ముకొని రొట్టె తింటున్నారేమో, అది నీకు కనిపించదా?” అన్నాడు. ఆ ఆఖరి మాటకు నా దగ్గర సరైన జవాబ్ లేదు. ఆకలితో ఉన్నవాడు తన పొలంలో దొరికింది అమ్ముకుంటే నేను హైదరాబాద్‌లో ఫ్యాన్ కింద కూర్చొని తప్పు పట్టలేను. అయినా ఆ డబ్బులో రైతుకు ఎంత పోతుంది, మధ్యవాడికి ఎంత, తుపాకీవాడికి ఎంత? ఏ కుండలో, ఎవరి ఇంటి నేల కింద, ఇంకే నాణేలతో కలిసి ఉన్నాయో తెలిస్తే కదా అది తారీఖ్. తవ్వి విడదీశాక మిగిలేది వెండి ముక్క. రెకా దెవ్నియా నాణేలను ఒక్కచోట లెక్కపెట్టి రాసిపెట్టారు కాబట్టే ఏ మలికా నాణేలు ఎంత విరివిగా తిరిగాయో అంచనా కట్టగలుగుతున్నారు. మన దగ్గరైతే 1878 నాటి నిధుల చట్టం ఇంకా ఉంది. పది రూపాయల విలువ మించినది నేలలో దొరికితే కలెక్టర్‌కు చెప్పాల్సిందే. మన ఊళ్లలో ఎంతమంది చెప్తున్నారు? అక్కెనపల్లిలాంటివి కంసాలి మూసలో ఎన్ని కరిగిపోయాయో.

ఇంత మాట్లాడినవాణ్ని ఒక సంగతి దాచిపెట్టాను. ఫోన్ పెట్టేశాక ఆ ఫోటోను వేళ్లతో సాగదీసి సాగదీసి చూశాను. ఏడింటిలో మూడోది ఆడమనిషిదే. దోమ్నా జుట్టు కాదు అది, దానికంటే చదునుగా ఉంది. ముఖం సగం మట్టిలో ఉంది. పేరు మొదలు కనిపించలేదు. చివర మాత్రం ‘ఏ, ఈ, ఎమ్, ఐ, ఏ, ఎస్’ అని ఆరు అక్షరాలు, వాటి పక్కన ‘అగస్తా’ను కుదించిన ‘ఏ వి జి’. సొయేమియాస్. భాయ్‌కు ఆ మాట చెప్పలేదు.

రెండు రోజులకు వాడే మెసేజ్ పెట్టాడు. తను తీసుకోలేదట. ఏడూ అమ్ముడుపోయాయట.